శివాజీ, పేట చీర, ఒక ఫుట్‌నోటు

మా నారాయణపేటలో డిగ్రీ ప్రాజెక్టు అంటే ముందుగా స్పైరల్ బైండింగు. లోపల ఏం రాశారన్నది ఆ తర్వాతి ముచ్చట. పైన మెరిసే ప్లాస్టిక్ షీటు, అడుగున నల్లట్ట, మొదటి పేజీలో కాలేజీ పేరు, రెండో పేజీలో లెక్చరర్ సంతకానికి గీత, మూడో పేజీలో డిక్లరేషన్. ఇది పూర్తిగా నా సొంత కృషి, ఎక్కడినుంచీ నకలు కొట్టింది కాదు అని అందులో ఉంటుంది. ఆ వాక్యాన్ని మాత్రం ప్రతి విద్యార్థీ పోయినేటి సీనియర్ ప్రాజెక్టులోంచి పొల్లు పోకుండా దించుకుంటాడు. ఒకసారి పేరు మార్చడం కూడా మరిచిపోయి, ఎప్పుడో పాసై బెంగళూరు వెళ్లిపోయిన అబ్బాయి తరఫున ఒక అమ్మాయి ఒట్టు పెట్టి సంతకం చేసింది.

నేను చరిత్ర పాఠం చెబుతాను. చరిత్రకూ నకలుకూ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది, ఈ ప్రాజెక్టులన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వస్తాయి. కళాశాల విద్యాశాఖ వాళ్లు 'జిజ్ఞాస' పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పిల్లలకు అధ్యయన ప్రాజెక్టుల పోటీ పెట్టాక ఈ రాక ఇంకా పెరిగింది. ఉద్దేశం చాలా మంచిది. నలుగురైదుగురు జట్టు కట్టి, ఒక అంశం పట్టుకొని, క్లాసురూము దాటి బయటికి పోయి, అడిగి, చూసి, రాయాలి. మా జట్లు ఏటా పట్టుకునే అంశం ఒకటే: పేట చేనేత చీరలు. ఎందుకని అడిగితే "మన ఊరి ఇజ్జత్ సార్" అంటారు. మగ్గాలు నడిచిపోయేంత దూరంలో ఉన్నాయనీ, ఏ బస్సూ ఎక్కే పని లేదనీ మాత్రం ఎవరూ నోరు విప్పరు.

రాయడం మొదలు కాకముందే చేతికి ఒక సూచనల కాగితం వస్తుంది. అది ఎవరు తయారు చేశారో, ఏ కాలం నాటిదో చెప్పేవారు లేరు. జిరాక్సుకు జిరాక్సు తీయగా తీయగా అంచులు నల్లబడిపోయాయి. శాసనం మాత్రం స్పష్టంగా ఉంది: టైమ్స్ న్యూ రోమన్ ఫాంటు, 12 సైజు, డబుల్ స్పేసు, నాలుగు వైపులా అంగుళం మార్జిను. ఇంగ్లీషులో రాసినా ఇదే, తెలుగులో రాసినా ఇదే. ఒక తెలుగు మీడియం పిల్లవాడు ఊళ్లో ఉన్న కంప్యూటర్ సెంటర్లన్నీ తిరిగొచ్చి, "సార్, టైమ్స్ న్యూ రోమన్ల అ ఆలు లేవు సార్" అని మొరపెట్టుకున్నాడు. లేవు నాయనా, ఉండవు. అయినా ఆ కాగితం మీద అట్లనే ఉంటుంది. తీసేసే అధికారం ఎవరిదో తేలేదాకా ఉంటుంది.

ఆ ఫాంటు పుట్టుక ఇంకా తమాషా. లండన్ టైమ్స్ పత్రిక తన ఇరుకు కాలముల్లో తక్కువ జాగాలో ఎక్కువ మాటలు పట్టాలని చేయించుకున్న అక్షరాలవి. 1932లో ఆ పత్రికలో మొదటిసారి కనబడ్డాయి. జాగా పొదుపు చేయడానికి పుట్టిన అక్షరాలను తెచ్చి, వరుసకూ వరుసకూ మధ్య డబుల్ స్పేసు పెట్టి, మనం పేజీలు పెంచుకుంటున్నాం. డబుల్ స్పేసుకు కూడా ఒక కారణం ఉంది. అది టైపురైటర్ కాలపు ఏర్పాటు, దిద్దేవాడు వరుసల మధ్య దిద్దుబాట్లు రాయడానికి వదిలే చోటు. మా దగ్గర ఆ చోట్లో ఎవరూ ఏమీ రాయరు. చివరి పేజీలో ఎర్ర సిరాతో 'గుడ్' అని ఒక్క ముక్క రాస్తారు. ఆ రెండక్షరాల కోసం ప్రాజెక్టు పొడుగునా సగం కాగితం ఖాళీగా కాచుకుని ఉంటుంది.

తెలుగు ప్రాజెక్టయితే డీటీపీ సెంటరు అన్నే దిక్కు. అన్న అను ఫాంటులో కొడతాడు. అను అక్షరాలు చూడముచ్చటగా ఉంటాయి. పెళ్లిపత్రికల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా తెలుగువాళ్ల అచ్చుపనిని ఏళ్ల తరబడి మోశాయి. చిక్కల్లా అవి యూనికోడ్ కాకపోవడమే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే 'చేనేత' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటూ కనబడతాయి. సెమినార్ రోజు ప్రొజెక్టర్ మీద ఆ తిట్లన్నీ గోడంత ఎత్తున పడ్డాక, మావాడు ఏమాత్రం తొణక్కుండా "ఇది రాబోయే స్లైడుకు సూచన సార్" అన్నాడు. అతనికి రాజకీయాల్లో మంచి భవిష్యత్తుంది.

యూనికోడ్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటికి మనవాళ్లు ముచ్చటపడి కవుల పేర్లు, పండితుల పేర్లు పెట్టుకున్నారు: పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, గురజాడ, గిడుగు. ఇది చెప్పాక ఒక పిల్లవాడు నంది తిమ్మన మీద రాసిన పేపరును పెద్దన ఫాంటులో తెచ్చిచ్చాడు. ఇద్దరూ రాయలవారి సభలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే గదా అని నేనేమీ అనలేదు.

ఇక నకలు సంగతి. 2018లో యూజీసీ దీనిమీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది పాటు దిద్దిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇదంతా థీసిస్‌లు రాసేవాళ్ల గురించి. డిగ్రీ పిల్లల చెవిదాకా వచ్చేసరికి ఈ నిబంధన కొత్త అవతారం ఎత్తింది. "సార్, పది శాతం దాంక కొట్టుకోవచ్చంట గద?" నిబంధన శిక్ష గురించి చెప్పింది, మావాళ్లకు కోటా అని వినబడింది. ఒక జట్టు ఆ కోటాను ఐదుగురికీ విడివిడిగా లెక్కగట్టి, మొత్తం యాభై శాతం హక్కుగా వస్తుందని వాదించింది. లెక్కల డిపార్ట్‌మెంటు వాళ్లు ఈ వాదన విని గర్వపడ్డారు.

పైగా పోలిక పట్టే సాఫ్ట్‌వేర్‌కు అను ఫాంటు ఎదురైతే పాపం అది చేతులెత్తేస్తుంది. ఆ యంత్రం కంటికి అదసలు తెలుగే కాదు, ఏ భాషా కాని అక్షరాల గుంపు. ఆ గుంపుకు పోలిక ఎక్కడ దొరుకుతుంది? వికీపీడియాను మొదటినుంచి చివరిదాకా దించినా సున్నా శాతమే వస్తుంది. కాగితాల లెక్కన చూస్తే మా డీటీపీ అన్న కొట్టిచ్చినంత స్వచ్ఛమైన పరిశోధన ఈ దేశంలో ఇంకెక్కడా జరగడం లేదు.

ఫాంటు గండం గడిచాక రెఫరెన్సులు. ఇక్కడ ముఖ్యంగా మూడు మఠాలున్నాయి. ఏపీఏ అనేది అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘానిది. 1929లో ఒక పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా మొదలైన వాళ్ల నియమాలు, 2019లో వచ్చిన ఏడో కూర్పు నాటికి 400 పైచిలుకు పేజీల గ్రంథమయ్యాయి. మనుషుల మనసులు చదివేవాళ్లు కామా గురించి ఇంత కలవరపడటం వెనుక ఏముందో వాళ్లే పరీక్షించుకోవాలి. రెండోది షికాగో, 1906 నుంచి ఉంది, పేజీ అడుగున ఫుట్‌నోట్లు పెట్టే చరిత్రవాళ్ల మఠం. మూడోది మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి ఎంఎల్ఏ. 'ఎమ్మెల్యే స్టైల్' అనగానే నవ్వాల్సినవాళ్లంతా మా స్టాఫ్‌రూములో ఎప్పుడో నవ్వేశారు, మీరు ముందుకు సాగండి.

ఏ మఠంలో చేరినా మొదటి గడపే మనకు తగులుతుంది: రచయిత ఇంటిపేరు ముందు రాయాలి, కామా పెట్టాలి, తర్వాత మిగతా పేరు, ఏపీఏ అయితే పొడి అక్షరాలే. ఇంటిపేరు పేరు చివర నడిచే దేశాల్లో చేసిన నియమం ఇది. మన ఇంటిపేరు మొదటినుంచీ ముందే నడుస్తోంది. మన పాలమూరు ముద్దుబిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారినే తీసుకోండి. సురవరం ఇంటిపేరు, ప్రతాపరెడ్డి పేరు. మా పిల్లలు నియమాన్ని శిరసావహించి చివరి ముక్క తెచ్చి ముందు పెడతారు. 'రెడ్డి, ఎస్. పి.' అవుతుంది. ఎవరీ రెడ్డిగారు? తెలంగాణ మీద ఏ ప్రాజెక్టు తీసినా రెఫరెన్సుల పట్టీలో రెడ్లు, రావులు బారులు తీరి నిలబడతారు. అసలు ఇంటిపేర్లు ఒక్కో పొడి అక్షరంగా ముడుచుకుని వెనక కూర్చుంటాయి. పట్టీ చూస్తే పుస్తకాల జాబితాలా కాదు, పెళ్లికి పిలవాల్సిన బంధువుల జాబితాలా ఉంటుంది.

నారాయణపేటలో ఈ ముడి ఇంకా గట్టిగా పడుతుంది. మాది కర్ణాటక సరిహద్దు. బజార్లో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. మా హాజరుపట్టీలో కూడా నాలుగూ కూర్చుంటాయి. తెలుగు ఇంటి పిల్లకు ఇంటిపేరు ముందు, మరాఠీ ఇంటి పిల్లకు వెనక, కన్నడ ఇంటి పిల్లవాడికి ఒక్కోసారి ఊరి పేరే ఇంటిపేరు, ఉర్దూ ఇంటి పిల్లవాడికి అసలు ఇంటిపేరన్న లెక్కే లేదు. "నీ లాస్ట్ నేమ్ ఏంది?" అంటే అతను పాపం చాలాసేపు ఆలోచించి, "పేరంతా నాదే సార్" అన్నాడు. 400 పేజీల గ్రంథంలో ఇంతకంటే సరైన జవాబు దొరకదు.

కామాలు, పొడి అక్షరాలు, ఇటాలిక్స్ అన్నీ సరిచూసి, నూటికి ఇన్ని మార్కులని వేసి పంపడం మా పని. ఇన్నేళ్లుగా ఇది చక్కగా జరిగిపోతోంది. దీనివల్ల మాకు దక్కిన గొప్ప ఫలం ఏమిటంటే, నియమం తప్పని రెఫరెన్సులతో, చక్కటి మార్జిన్లతో, ఏటా ఒక ఏడాది నిండని పసివాడిని గుర్రమెక్కించి మా ఊరికి తీసుకొస్తున్నాం.

పేట చీర గురించి మీరు ఎక్కడ చదివినా మొదటి పేరాలో ఈ కథ ఉంటుంది. 1630లో ఛత్రపతి శివాజీ ఈ దారిన పోతూ నారాయణపేటలో విడిది చేశాడట. ఆయన కదిలిపోయేటప్పుడు వెంట వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే ఆగిపోయారట. వాళ్లు నేసిందే ఈ గళ్ల చీర, ఈ జరీ అంచు. కథ బాగుంటుంది. ఊరి ఇజ్జత్ పెంచుతుంది. మా పిల్లల ప్రాజెక్టులన్నింటిలో రెండో అధ్యాయం మొదటి వాక్యం ఇదే. దానికి కింద రెఫరెన్సు ఉంటుంది. కామా ఉండాల్సిన చోట కామా, బ్రాకెట్లో సంవత్సరం, వెబ్‌సైటు చిరునామా, చూసిన తేదీ. పూర్తి మార్కులు.

శివాజీ పుట్టింది 1630 ఫిబ్రవరి 19న. మహారాష్ట్ర ప్రభుత్వం జయంతి జరిపేది ఆ తేదీ ప్రకారమే. కాదు, పాత లెక్కే సరైనదని పట్టుబట్టేవాళ్లు 1627 అంటారు. వాళ్ల మాటే విందాం, అప్పటికి ఆయన వయసు మూడేళ్లు. మొదటి లెక్కన ఉయ్యాలలో ఉన్న పసివాడు, రెండో లెక్కన తల్లి కొంగు పట్టుకు తిరిగే పిల్లవాడు. వీరిలో ఎవరు నేతగాళ్లను వెంటేసుకుని నారాయణపేటలో గుడారాలు వేయించారో మా రెండో అధ్యాయాలు చెప్పవు.

ఆయన గోల్కొండ దిక్కు వచ్చిన మాట చరిత్రలో ఉంది. అది 1677లో. హైదరాబాదులో అబుల్ హసన్ తానీషాను కలిసి, శ్రీశైలం దర్శించి, దక్షిణానికి సాగిపోయాడు. ఆ దండులో ఎవరెవరున్నారు, దారిలో ఎక్కడెక్కడ ఆగారు, పేట మగ్గాలకు దానితో సంబంధం ఉందా అని వెతికితే అది ప్రాజెక్టు. 1630 అనే అంకెను ఒక పేజీలోంచి ఎత్తి ఇంకో పేజీలో పెడితే అది రవాణా.

ఒక ఏడు ఈ అంకె మూలం పట్టుకురమ్మని ఒక జట్టును తోలాను. వాళ్లు ఇచ్చిన వెబ్‌సైటు తెరిస్తే అది ఒక చీరల దుకాణానిది. అది ఇంకో సైటు చెప్పిందంటుంది. ఆ ఇంకో సైటు ఒక వార్తాకథనం చెప్పిందంటుంది. ఆ కథనం 'ప్రతీతి' అంటుంది. ప్రతీతికి చిరునామా లేదు. మా ఊరి పేరుతో నారాయణపేట రోడ్ అని ఒక రైల్వేస్టేషన్ ఉండేది. పేరు చూసి దిగితే మీరుండేది పక్క రాష్ట్రంలో, యాదగిరి జిల్లా సైదాపూర్‌లో. అక్కడినుంచి బస్సెక్కి ఊరు చేరాల్సి వచ్చేది. రెఫరెన్సు కూడా ఇంతే, బోర్డు మీద ఊరి పేరుంటే ఊరు వచ్చినట్టు కాదు, దిగి చూడాలి. మా జట్టు దిగి చూసొచ్చి మొహాలు వేలాడేసి, "సార్, ఎవల్ని అడిగినా పక్కింటోన్ని సూపిస్తుండు" అన్నారు. ఆ ఒక్క వాక్యానికే నేను వాళ్లకు జిల్లా మొదటి బహుమతి ఇచ్చేవాణ్ని. సూచనల కాగితంలో దానికి మార్కులు లేవు.

"ఇంటర్నెట్ సంగతి ఇడిసి మగ్గం కాడికి పోండ్రి" అన్నాను. పోయారు. ఒక పెద్దాయన ఓపికగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. పిల్లలు ఆయన ముందు తమ ప్రాజెక్టు చదివారు. అందులో 'ఒకే మగ్గం మీద ఒకేసారి ఎనిమిది చీరలు నేస్తారు' అని ఉంది. ఇది కూడా ప్రతి చోటా ఉండే వాక్యమే. పెద్దాయన నాడె చేతిలో పట్టుకునే, "ఒక్కసారి ఎనిమిది నెయ్యనీకి నాకేమన్న ఎనిమిది జతల సేతులున్నయా బిడ్డా?" అన్నాడట. సంగతేమిటంటే చీర ఏడు గజాలనుకుంటే, ఎనిమిది చీరలకు సరిపడా 56 గజాల పడుగు ఒకేసారి మగ్గానికి ఎక్కిస్తారు. ఎక్కించడం ఒకసారి, నేయడం ఒకటి తర్వాత ఒకటి. మొదట ఎవరో సరిగ్గానే రాసి ఉంటారు. దించుకున్నవాళ్లు పడుగు వదిలేసి చీరలు పట్టుకున్నారు.

అప్పుడు పిల్లలు అసలు ప్రశ్న వేశారు. "తాతా, శివాజీ మహారాజు మన ఊరికొచ్చిండా?" ఆయన చెప్పింది మా జట్టులోని అమ్మాయి నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది. "అచ్చిండని మా నాయన అంటుండె. మా నాయనకు ఎవలు జెప్పిండ్రో నాకెర్క లేదు. మా తాత గీ గుంతలనే కూసోని నేసిండు. అది మటుకు నేను సూసిన."

చూడండి, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు, తెలియంది తెలియనట్టు మూడు ముక్కల్లో విడగొట్టి చెప్పాడు. ఎవరు ఎవరికి చెప్పారో చెప్పాడు, గొలుసు ఎక్కడ తెగిందో కూడా చెప్పాడు. ఏపీఏ ఏడు కూర్పులూ, షికాగో శతాబ్దం పైబడ్డ అనుభవమూ కలిసి నేర్పాలని చూసేది ఇదే కదా!

ఇంత చెప్పిన మనిషిని రెఫరెన్సుల పట్టీలో వేద్దామని కూర్చుంటే అప్పుడు తెలిసింది, ఏపీఏ మఠంలో ఆయనకు ప్రవేశం లేదు. మనం వెళ్లి మాట్లాడి తెలుసుకున్నది 'వ్యక్తిగత సంభాషణ' కింద వస్తుందట. వ్యాసం మధ్యలో బ్రాకెట్లో పేరు, తేదీ వేయవచ్చు గానీ చివరి పట్టీలో చేర్చకూడదు. పాఠకుడు వెళ్లి ఆ మాట మళ్లీ వెతికి చూసుకోలేడు అన్నది వాళ్ల కారణం. కారణంలో తప్పు లేదు. ఫలితం చూస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు. మగ్గం ఎన్నడూ చూడని చీరల దుకాణం సైటుకు పట్టీలో పెద్దపీట, మగ్గంలోనే పుట్టి పెరిగిన పెద్దాయన పట్టీ బయట. ఎంఎల్ఏ వాళ్లు కొంత నయం, ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషిని పట్టీలో రాయనిస్తారు. మా జట్టు రాత్రికి రాత్రి ప్రాజెక్టు మొత్తం ఎంఎల్ఏలోకి మార్చింది. పార్టీ మారడానికి ఇంత గౌరవప్రదమైన కారణం నేను ఇదివరకు చూడలేదు.

ఈ మధ్య కొత్త తరం వచ్చింది. వీళ్లు దించుకోరు, చాట్‌బాట్‌ను అడుగుతారు. దించుకున్నవాడికి కనీసం మూలం ఉండేది. ఒక పిల్లవాడు తెచ్చిన రెఫరెన్సుల పట్టీ చూసి నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. ఇంటిపేర్లు ముందు, పొడి అక్షరాలు వెనక, కామాలన్నీ వాటి వాటి చోట్ల, పేర్లు ఇటాలిక్స్‌లో, ప్రచురణకర్తల పేర్లతో సహా నిలబెట్టినట్టు ఉంది. అన్నీ ఉన్నాయి, పుస్తకాలే లేవు. మా లైబ్రేరియన్ గారు పట్టీ పట్టుకుని అరలన్నీ తిరిగి, కంప్యూటర్లో వెతికి, చివరికి "సార్, ఈ పుస్తకాలు ఇంక పుట్టలే" అని తేల్చారు. మావాడిని అని లాభం లేదు. 2023లో న్యూయార్క్‌లో వకీళ్లే చాట్‌బాట్ అల్లిచ్చిన లేని తీర్పులను కోర్టు ముందు పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. అక్కడ ఎదుటి పక్షం వకీళ్లు పట్టుకున్నారు, ఇక్కడ లైబ్రేరియన్ గారు పట్టుకున్నారు. అక్కడా ఇక్కడా చేసింది ఒకటే పని: చెప్పిన చోటుకు పోయి చూడటం.

ఆ పని మనవాళ్లకు కొత్తదేమీ కాదు. మెదక్ దిక్కు కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలం లేని మాట ఒక్కటీ రాయనని, అక్కరలేనిది ఏదీ చెప్పనని తనకు తానే కట్టడి వేసుకున్నాడు. అమెరికాలో ఏపీఏ పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందటి మాట ఇది. ఆ కట్టడిలో మొదటి సగం అమలు చేస్తే మా రెండో అధ్యాయాలు ఎగిరిపోతాయి. రెండో సగం కూడా అమలు చేస్తే బైండింగ్ సెంటర్లు మూతపడతాయి.

పొడి అక్షరాల్లో ముడుచుకు కూర్చున్న సురవరం వారి సంగతి కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో కవులే లేరు అని అప్పట్లో ఒక మాట అచ్చులో వచ్చింది. దానికి జవాబుగా ఆయన నాలుగు తిట్లు తిట్టి ఊరుకుని ఉంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఆయన అట్లా చేయలేదు. ఊరూరి నుంచీ రచనలు తెప్పించి, 354 మంది కవులను పేరుపేరునా వాళ్ల కవిత్వంతో సహా 1934లో 'గోలకొండ కవుల సంచిక'గా అచ్చేసి చేతికిచ్చారు. లేరన్న ఒక్క ముక్కకు 354 రెఫరెన్సులు! తర్వాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడూ అంతే. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అన్నదానికి కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఆధారాలు ఏరి చూపించారు. తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన కామాలు ఏ మఠం ప్రకారం పెట్టారో ఎవరూ అడగలేదు.

కామాలు వద్దని కాదు నేననేది. వరుస ఉండాలి, లేకపోతే వెతికేవాడికి దారి దొరకదు. పుస్తకం పేరు, రాసినవారు, సంవత్సరం, పేజీ ఉంటే తర్వాతివాడు పోయి చూసుకుంటాడు. దాని కోసం పుట్టినదే ఈ తతంగమంతా. మనం దారి చూపే బోర్డుకు రంగులు వేయడంలో పడి, ఊరు ఉందో లేదో చూడటం మరిచిపోయాం. కామా తప్పినవాడికి మార్కు కోసి, ఊయలలోని శివాజీని దండయాత్రకు పంపినవాడికి పూర్తి మార్కులు వేస్తున్నాం. ఈ నేరంలో మొదటి ముద్దాయి పిల్లవాడు కాడు, ఆ సూచనల కాగితం.

అందుకని వచ్చే ఏడు పేట చీర మీద ప్రాజెక్టు రాయబోయే పిల్లలకు ఒక మనవి. ఫాంటు ఏదైనా పెట్టుకోండి. పెద్దన, తిమ్మన ఎవరైనా మనవాళ్లే. ఇంటిపేరు ముందు రాస్తారో వెనక రాస్తారో మీ ఇష్టం, పూర్తి పేరు మాత్రం రాయండి. మగ్గం దగ్గరికి పోయి అడగండి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, వాళ్లు చూసి చెప్పారో విని చెప్పారో రాయండి. 1630 అని రాయక తప్పదనిపిస్తే, ఆ అంకె మీకు ఎవరిచ్చారో, వాళ్లకు ఎవరిచ్చారో కూడా కింద రాయండి. అది రాయలేకపోతే ఆ అంకె కొట్టేయండి. పేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, నేసే చేతులున్నాయి, కట్టే ఆడబిడ్డలున్నారు. శివాజీ రాకపోయినంత మాత్రాన దాని ధర ఒక్క రూపాయి కూడా తగ్గదు.